రెండో మలుపు దాటని వైఫై

వైఫై గురించి మా తాత జ్వోన్కోకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. భూమి కిందైతే చెప్పనే అక్కర్లేదు. దాన్ని కనిపెట్టినవాళ్లు ఎవరో నాకు తెలియదు గాని, వాళ్లంతా ఒక బస్సు మాట్లాడుకుని ఈ ఎడారిలో మా గనుల ఊరు కూబర్ పీడీ వచ్చి, మా తాత గుమ్మం ముందు దుమ్ములో వరసగా కూర్చుని, చేతులు కట్టుకుని పాఠం చెప్పించుకోవాలి. ఆయన గోడకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడంటే సిగ్నల్ ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఎవరి మీద అలిగి ఆగిందో చెప్పేస్తాడు. ఫోను ఆపడం చేతకాక దిండు కింద పెట్టి నిద్రపుచ్చే డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాడి గురించా ఇదంతా అని మా ఊళ్లో ఎవరైనా అంటే అననివ్వండి. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు పొగడటం ఒక్కటే బాగా వచ్చు.

మా ఊళ్లో చాలామంది ఇళ్లు కట్టరు, తవ్వుతారు. బయట ఎండ పెనంలా కాలుతున్నా కొండలోపల చల్లగా ఉంటుంది. అందరూ మిషను తెచ్చి, తిన్నగా, పెట్టెల్లాంటి గదులు తొలిపించుకుంటారు. మా తాత అలా చెయ్యలేదు. క్రొయేషియా నుంచి ఒపల్ అనే విలువైన రాళ్ల కోసం వచ్చిన కుర్రాడు, చేత్తో తవ్వాడు. ముందు గది అయింది. రెండో గది తవ్వుతుంటే గోడలో రంగు కనిపించింది. రాయిలో మెరుపుని మేం రంగు అంటాం. అది ఎడమకి తిరిగింది, మా ఇల్లూ ఎడమకి తిరిగింది. ఇంకొంచెం పోయాక రంగు మళ్లీ ఎడమకి తిరిగింది, ఇల్లూ తిరిగింది. ఆ రెండు మలుపుల తర్వాత రంగు అయిపోయింది. అక్కడ పడకగది తవ్వాడు. ఇల్లంతా తిరిగొచ్చి చూస్తే పడకగది దాదాపు ముందు గది పక్కకే వచ్చి కూర్చుంది, మధ్యలో మందపాటి రాయి.

ఆ పడకగదిలో మంచం తలవైపు గోడలో ఒక గీత ఉంది. జానెడు పొడుగు, నీలం బూడిద రంగు, మధ్యలో చిటికెడు ఆకుపచ్చ మెరుపు. తాత దాన్ని పెకలించబోతే మా అమ్మమ్మ లూబిత్స గరిటె పట్టుకుని అడ్డం నిలబడిందట.

“తవ్విందంతా అమ్మేశావు. ఇది గోడలోనే ఉంటుంది. ఇది నాది.”

“దీనికి పెద్దగా ధర రాదే.”

“అందుకే నాకు ఇచ్చెయ్యి.”

అలా అది ఉండిపోయింది. ఆ గదిలో పడుకోవడం మొదలైన దగ్గర్నుంచి పొద్దున కళ్లు తెరిస్తే ఆమె మొదట చూసింది దాన్నే. తాత ముఖం తర్వాత. ఆయనకి ఆ వరస ఎప్పుడూ నచ్చలేదు, కానీ ఎప్పుడూ అనలేదు.

పోయిన చలికాలంలో అమ్మమ్మని అడిలైడ్‌లో ముసలివాళ్లని చూసుకునే ఇంట్లో చేర్చాం. మతిమరుపు ముందు పేర్ల మీద పడింది, తర్వాత పొయ్యి మీద పడింది, ఆఖరికి దారి మీద పడింది. ఊళ్లో తవ్వి వదిలేసిన గుంతలు వేలల్లో ఉన్నాయి. ఆమె రాత్రిపూట చెప్పులు లేకుండా వాటి మధ్య తిరగడం మొదలుపెట్టాక తాతే ఒప్పుకున్నాడు. ఆయన కూడా వెళ్లి అక్కడే ఉన్న మా అమ్మ ఇంట్లో దిగాడు. కిటికీలున్న గదుల్లో నిద్రపట్టక కళ్లు ఎర్రగా చేసుకుని రోజూ ఆమె దగ్గరికి వెళ్లేవాడు. ఆమె ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టి, ఒకటే అడిగేది.

“మా ఇంట్లో ఎవరైనా ఉన్నారా? తలుపు వేసుందా? నేను వెళ్లాలి.”

సాయంత్రం అయ్యేసరికి చేతిసంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడేది. ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారని. నర్సులు బతిమాలితే ఏడ్చేది. ఇంట్లో ఎవరూ లేకపోవడమే ఆమె దిగులని తాతకి తోచింది. సరే, నేనైనా ఉంటానని చెప్పి తిరిగొచ్చేశాడు. నేను ఇదే ఊళ్లో వేరే ఇంట్లో ఉంటాను, రోజూ వచ్చి వండిపెట్టి పోతాను. అప్పట్నుంచి నెలకోసారి బస్సులో వెళ్లి ఆమెని చూసొస్తాడు తాత. మిగతా రోజులు సాయంత్రం టీ అయ్యాక సేలా అనే నర్సు అమ్మమ్మ చేత వీడియో కాల్ చేయిస్తుంది. సేలా టోంగా దీవుల అమ్మాయి. మా భాష ఒక్క ముక్క రాదు గాని, అమ్మమ్మ ఏం చెప్పినా తలూపుతుంది. మేమెవ్వరం చెయ్యని పని అది.

ఇక్కడే వైఫై గొడవ మొదలైంది.

ఇంటర్నెట్ తీగ వచ్చేది ముందు గదిలోకి. వైఫై డబ్బా కూడా అక్కడే ఉంది. మొదటి మలుపు దాటితే సిగ్నల్ కుంటుతుంది, రెండో మలుపు దగ్గర చస్తుంది. అందుకని తాత తలుపు దగ్గర కుర్చీ వేసుకుని మాట్లాడేవాడు. వెనకాల ఎండ, ఆయన ముఖం నల్లటి నీడ. అమ్మమ్మకి కనిపించేది ఎవరో ముసలాయన, ఎక్కడో వెలుతుర్లో.

“మీరు రాళ్లు కొనడానికొచ్చారా?” అని అడిగేది. “మా ఆయన లేరు. తర్వాత రండి.”

ఆయన పెళ్లి ఫోటో చూపించాడు. “మీ అమ్మాయా? చక్కగా ఉంది” అంది. తాత ఫోటో జేబులో పెట్టుకుని, మళ్లీ ఎప్పుడూ చూపించలేదు.

ఒకరోజు ఈగలు ఎక్కువగా ఉన్నాయని కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. మొదటి మలుపు దగ్గరికి వచ్చాడు. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఆయన వెనక గోడలో తొలిచిన చిన్న గూడు, అందులో అమ్మమ్మ ఉప్పు పెట్టుకునే కుండ కనిపించాయి. నేను పక్కనే ఉల్లిపాయలు కోస్తున్నాను. ఫోన్లోంచి అమ్మమ్మ గొంతు మారిపోయి వినిపించింది.

“కుండ మీద మూత పెట్టలేదేం? తేమ పడుతుంది.”

తాత నోరు తెరిచేలోపు బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచిన అమ్మమ్మ, అలాగే. తర్వాత అదీ పోయింది.

తాత లేచి వెళ్లి కుండ మీద మూత పెట్టాడు. చాలాసేపు దాని మీదే చెయ్యి ఉంచాడు. అప్పుడు నాకు చెప్పాడు.

“పిల్లా, ఆమెకి నేను అక్కర్లేదు. ఆమెకి ఇల్లు కావాలి. పడకగదిలో గీత చూపిస్తే ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. ఆ సంచి కింద పెడుతుంది.”

“పడకగదిలో సిగ్నల్ రాదు కదా తాతా.”

“రప్పిస్తాను.”

మర్నాడు సుద్దముక్క పట్టుకుని, ఫోను చూసుకుంటూ గోడల వెంట నడిచాడు. సిగ్నల్ గీతలు నాలుగు ఉన్నచోట ఒక గుర్తు, మూడున్నచోట ఒకటి, పోయినచోట అడ్డగీత. ఒపల్ ఎక్కడిదాకా ఉందో అలాగే గుర్తులు పెట్టేవాడట. మాటల్లో కూడా తేడా లేదు. “ఇక్కడిదాకా రంగుంది. ఇక్కడ పలచబడింది. ఇదిగో, ఇక్కడ అయిపోయింది.” రెండో మలుపు మూల మీద పెద్ద అడ్డగీత వేసి, దానిమీద ఉమ్మేశాడు.

నేను పెట్రోలు బంకులో పనిచేస్తాను. అక్కడ ఊరికే వచ్చే ప్రకటనల కాగితాలు కొన్ని తెచ్చిచ్చాను. ఒక డబ్బా చాలకపోతే రెండు మూడు డబ్బాలు ఇల్లంతా పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి సిగ్నల్ అందించే రకం ఉంది, దాన్ని మెష్ అంటారు అని చెప్పాను. తాత కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తుకుని కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఒక పెద్ద డబ్బా బొమ్మ మీద ఆయన వేలు ఆగింది. దానికి ఎనిమిది కొమ్ములున్నాయి. వెల్లకిలా పడ్డ పీతలా ఉంది.

“ఇది తెద్దాం.”

“అది ఒకటే డబ్బా తాతా. ధర చూశావా?”

“కొమ్ములు చూడు.”

“కొమ్ములు చూసి కొనడానికి అది ఎద్దా?”

ధర చూశాడు. కాగితం మడిచి నాకిచ్చేశాడు. తర్వాత రెండు డబ్బాల రకం చూశాడు, అది చాలా వేగమట, దాని ధరకి పాత కారొకటి వస్తుంది. మూడు డబ్బాల చవక రకం చూశాడు, గుడ్లంత తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి. “ఇవి స్నానాల గదిలో సబ్బు పెట్టుకోడానికి” అని పక్కన పడేశాడు.

“అసలు కొనడమెందుకు? కొండ నాది. రాయి అడ్డొస్తే రాయి తీసెయ్యాలి. సిగ్నల్ మలుపులు తిరగలేకపోతే దానికి తిన్నగా దారి ఇస్తాను.”

నేను బంకుకి వెళ్లి సాయంత్రం వచ్చేసరికి ముందు గదిలో మంచు కురిసినట్టు ఎర్ర దుమ్ము. తాత పాత డ్రిల్లింగ్ మిషను బయటికి తీశాడు. ముందు గది గోడలోంచి పడకగదిలోకి చెయ్యంత బొక్క వెయ్యాలని ఆలోచన. కడ్డీకి కడ్డీ తగిలించుకుంటూ పోతున్నాడు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటూ ఇంకో కడ్డీ. కడ్డీ పడకగది పక్కనుంచి ఎప్పుడో దాటిపోయింది. ఆఖరికి కడ్డీ ఖాళీలోకి దిగింది. అవతల ఏదో గాజుది పగిలింది. తర్వాత బొక్కలోంచి ఒక గొంతు.

“జ్వోన్కో. దొంగతనానికి వచ్చేవాడివి తలుపు తట్టి రావొచ్చు కదరా.”

అది పక్కింటి థనాసిస్. గ్రీకు ముసలాయన, ఒంటరివాడు. కడ్డీ ఆయన సామాన్ల గదిలో ఆలివ్ కాయల సీసాల మధ్యకి దిగింది.

“నీ సీసా నేను కొనిస్తానురా.”

“సీసా సరే. ఆ కాయలు మా అక్క పంపింది. ఇప్పుడు నేల నాకాలి. ఇంతకీ ఏం తవ్వుతున్నావు ఈ వయసులో?”

“వైఫై.”

బొక్కలోంచి నవ్వు వచ్చింది. తాత గుడ్డముక్క ఉండ చుట్టి బొక్కలో కుక్కేశాడు.

అప్పుడు నేను పడకగదిలోకి వెళ్లి చూశాను. దిండ్ల మీద ఎర్ర పొడి రాలి ఉంది. గీత చివర్లో వెంట్రుకంత బీట. అది ఇంతకుముందు లేదు. తాతని పిలిచాను. ఆయన వచ్చి చూసి, బీట మీద వేలు పెట్టి, మంచం మీద కూలబడ్డాడు. ఇంకో బెత్తెడు ఇటు వచ్చుంటే కడ్డీ ఆ గీతలోంచే దూరేది.

“నా గురి ఎప్పుడూ ఇంత తప్పలేదు” అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు.

“నన్ను పిలిస్తే లోపల నిలబడేదాన్ని కదా.”

“ఇవన్నీ తవ్వినప్పుడు మీ అమ్మమ్మ అవతల నిలబడి గరిటెతో గోడ మీద తట్టేది. నేను ఆ చప్పుడు పట్టుకుని తవ్వేవాణ్ని. కొలతలు వెయ్యలేదు నేనెప్పుడూ. ఆమె తట్టేది, నేను వెళ్లేవాణ్ని. ఇవాళ చెవి గోడకి పెట్టుకుని కూడా చూశాను.” చేతుల మీద దుమ్ము దులుపుకున్నాడు. “అలవాటు.”

దిండు గలీబులు తీసి బయట దులపడానికి వెళ్లాను. అవి దులుపుతుంటే లోపల మిషను పెట్టెలో పెట్టి మూతేసిన చప్పుడు వినిపించింది. మళ్లీ దాన్ని తియ్యలేదు.

మర్నాడు గుడ్డ ఉండ తనంతట తనే బొక్కలోంచి బయటికి వచ్చి కింద పడింది. అవతల నుంచి థనాసిస్ కర్రతో తోశాడు.

“ఒరేయ్ జ్వోన్కో, ఉన్నావా?”

“ఎక్కడికి పోతాను?”

“నిన్న రాత్రంతా నవ్వుకున్నానురా. మా ఇంటావిడ పోయాక ఇంత నవ్వలేదు. ఇంతకీ విను. మా అమ్మాయి నాకు ఆ తెల్ల డబ్బాలు పెట్టించింది. మూడు. చవకవే. నా ఇల్లు కూడా కొండే కదా. పనిచేస్తున్నాయి.”

“సబ్బుపెట్టెల్లా ఉంటాయి, అవేనా?”

“అవే. ఆ కాగితాలు నాకూ వచ్చాయిలే, అందులో కొమ్ములదాన్ని కొనకు. అది ముందు గదిలో ఎంత గట్టిగా అరిచినా రాయి రాయే. ఇంకా ఆ ఖరీదైన వేగం రకం కూడా వద్దు. మన ఊరికి వచ్చే ఇంటర్నెట్ సన్నటి ధార. సన్నటి ధారకి లావాటి గొట్టం ఎందుకు?”

నేను బొక్క దగ్గర నోరు పెట్టాను. “థనాసిస్ తాతా, డబ్బాల మధ్య రాయి ఉంటే మరి వాటికీ అడ్డమే కదా?”

“తెలివైన పిల్లవి, నీకు పెళ్లెందుకు కాలేదో. అడ్డమే. అందుకే ఒకదానికొకటి కనపడేట్టు పెట్టాలి. మలుపు దగ్గర ఒకటి. అదిచ్చింది ఇది అందుకుని ముందుకి ఇస్తుంది.”

“లేకపోతే తీగ లాగితే?” అన్నాను తాతతో.

“తీగ లాగితే చీకట్లో కాలికి తగిలి పడతాను. అప్పుడు నన్ను కూడా అడిలైడ్ పంపించేస్తారు. ఇంట్లో ఎవరుంటారు?”

థనాసిస్ ఆలివ్ కాయ ఒకటి బొక్కలోకి తోశాడు. అది దొర్లుకుంటూ వచ్చి తాత ఒళ్లో పడింది. తాత దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గోడమీద తన సుద్ద గుర్తుల వైపు చూశాడు. మొదటి మలుపు దగ్గరికి నడిచాడు, గోడ మీద వేలి కణుపుతో తట్టాడు. రెండో మలుపు దగ్గరికి వెళ్లి తట్టాడు. తిరిగొచ్చాడు.

“అంటే ఒకటి తడితే ఇంకోటి వింటుంది. అది తడితే దాని తర్వాతది వింటుంది.”

“అంతే తాతా.”

“ఈ ముక్క ఆ కాగితంలో ఎందుకు రాయలేదు? కొమ్ముల బొమ్మ వేస్తే ఎవడికి అర్థమవుతుంది? మూడు సబ్బుపెట్టెలది తెప్పించు. కొత్తవి వద్దు, ఎవరో వాడి తిరిగిచ్చినవి తక్కువకి అమ్ముతున్నారని ఇక్కడ కింద చిన్న అక్షరాల్లో ఉంది.”

ఆ చిన్న అక్షరాలు నాకే కనపడలేదు. తక్కువకి అమ్మేది ఏదైనా సరే మా తాత కళ్లకి కళ్లజోడు అక్కర్లేదు.

పార్సిల్ మా ఊరికి రావడానికి ఎప్పుడూ ఆలస్యమే. ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం ఆయన తలుపు దగ్గరే కూర్చుని మాట్లాడాడు. అమ్మమ్మ ప్రతి సాయంత్రం తర్వాత రమ్మని చెప్పి పంపించేసింది. ఒకసారి సేలా ఫోను ఆపడం మర్చిపోయింది. అమ్మమ్మ గుమ్మం దగ్గర సంచి తగిలించుకుని నిలబడటం, వీపు ఇటువైపు, అలాగే కనిపిస్తూ ఉంది. తాత ఫోను ఆపలేదు. ఆయనకి ఆపడం రాదని అన్నాను కదా. ఎవరో వచ్చి ఆమెని భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్లేదాకా చూస్తూనే ఉన్నాడు.

డబ్బాలొచ్చాయి. ఒకటి ముందు గదిలో పెట్టాం, ఒకటి మొదటి మలుపు దగ్గర ఉప్పు కుండ పక్కన. మూడోది పట్టుకుని తాత తిన్నగా పడకగదిలోకి వెళ్లి గీత కింద పెట్టాడు. సిగ్నల్ కావాల్సింది అక్కడే కదా, డబ్బా కూడా అక్కడే ఉండాలన్నాడు. ఎర్ర దీపం వెలిగింది. తీసి మళ్లీ పెట్టాడు. ఎర్రదే. డబ్బాని అరచేత్తో కొట్టాడు. ఎర్రదే.

“చెడిపోయింది ఇచ్చారు వెధవలు.”

“తాతా, అది ఇక్కడ నిలబడి తడుతుంటే ఎవరికి వినపడుతుంది? నీ రంగు రెండో మలుపు దగ్గరే అయిపోయింది కదా.”

నావైపు గుర్రుగా చూశాడు. డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు. తన సుద్ద అడ్డగీత దగ్గర, దానికి ఇంకొంచెం ఇవతల, సిగ్నల్ ఇంకా బతికున్న చోట మూల మీద బల్ల వేసి దాన్ని పెట్టాడు. ఆ మూల నుంచి ఒకవైపు ఉప్పు కుండ కనిపిస్తుంది, ఇంకోవైపు మంచం తల. ఎర్ర దీపం కాసేపు ఆలోచించింది. తెల్లగా మారింది.

తాత ఫోను పట్టుకుని పడకగదిలోకి వెళ్లాడు. నాలుగు గీతలు. “రంగుంది” అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత గడ్డం గీసుకోడానికి వెళ్లాడు.

సాయంత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడ్డాను. ఫోను మోగింది. అమ్మమ్మ ఆయన ముఖం చూసి తల వంచి, “బాగున్నారా” అంది, కొట్లో పలకరించినట్టు. తాత ఫోను మెల్లగా గోడవైపు తిప్పాడు. గీత మీద ఆపాడు.

సిగ్నల్ పోయిందేమోనని నేను పక్కకి వంగి తెర చూశాను. అమ్మమ్మ వేలు తెర మీదకి పెద్దగా వచ్చింది. గీతని తడుముతోంది.

“దుమ్ము పట్టింది” అంది.

“తుడుస్తాను” అన్నాడు తాత.

“తడిగుడ్డతో తుడవాలి. పొడిగుడ్డ పెడితే గీతలు పడతాయి. ఇది మా గది.”

“అవును, మీ గదే.”

“మా ఆయన తవ్వాడు. ఇది మాత్రం నాది. ఆయన చేతికి దొరికితే ఎప్పుడో అమ్మేసేవాడు.” నవ్వింది. ఆ నవ్వు నేను చాలాకాలంగా వినలేదు. తాత ఫోను తనవైపు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన ముఖం, వెనకాల ఆ గోడ, రెండూ కలిపి కనపడాలని కొంచెం పక్కకి జరిగాడు. కళ్లు పెద్దవి చేసుకుని ఎదురుచూశాడు.

అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది.

“మీరెవరు? మా పడకగదిలో ఏం చేస్తున్నారు? మా ఆయన ఏరి?”

నేను ఒక అడుగు ముందుకేశాను. తాత ఎడమచెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు.

“మీ ఆయన గనికి వెళ్లాడమ్మా. ఇల్లు చూసుకోమని నన్ను కూర్చోబెట్టాడు.”

“అలాగా.” ఆమె భుజాలు దిగాయి. “ఏమైనా తిని వెళ్లాడా?”

“రొట్టె, పందిమాంసం కట్టుకెళ్లాడు.”

“ఉల్లిపాయ?”

“అదీ పెట్టాను.”

“లేకపోతే రోజంతా మూతి ముడుచుకుని కూర్చుంటాడు. మీరు ఇక్కడే ఉంటారుగా?”

“ఉంటాను.”

“ఎక్కడికీ వెళ్లరుగా? ఇల్లు ఒంటరిగా వదలకూడదు.”

“వెళ్లను.”

“ఆయన వచ్చాక బూట్లు గుమ్మం దగ్గరే విప్పమనండి. మీరు మంచివారు.”

సేలా ముఖం పక్కనుంచి కనిపించింది. అమ్మమ్మ భుజానికున్న సంచి ఆమే తియ్యబోయింది. అమ్మమ్మ తనే తీసి, కుర్చీ కింద పెట్టి, పాదంతో లోపలికి తోసింది. ఫోను ఆగిపోయింది.

తాత లేచి, గుడ్డ తడిపి తెచ్చి, గీతని తుడిచాడు. నేను వండిన సర్మా చల్లారిపోయింది. క్యాబేజీ ఆకులు విప్పి, లోపలి మాంసం మాత్రం తిని, ఆకులు పళ్లెం అంచున పేర్చాడు. చిన్నపిల్లలు చేసే పని.

అప్పట్నుంచి ఆమె గుమ్మం దగ్గర నిలబడటం మానేసిందని సేలా చెప్పింది. రోజూ టీ అవ్వగానే తనే ఫోను కోసం చెయ్యి చాపుతుందట, ఇల్లు చూసుకునే ఆయనతో మాట్లాడటానికి. తాత రోజూ గీత ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమె మా ఆయన మా ఆయన అంటూ ఆయనకి ఆయన కబుర్లే చెబుతుంది. ఓడలో వచ్చినప్పుడు వాంతులు చేసుకుని తన కొత్త గౌను పాడుచేశాడని. మొదటి రాయి అమ్మిన డబ్బుతో తనకి కుట్టుమిషను కొని, తనకే చెప్పకుండా మంచం కింద దాచాడని. ఒకరోజు ఇలా అంది:

“మా ఆయన మంచివాడేనండీ. కానీ మాట తక్కువ. మీలా ఇలా కూర్చుని ఒక్కరోజైనా మాట్లాడి ఉంటే బాగుండేది.”

“చెబుతాను ఆయనకి” అన్నాడు తాత.

“చెప్పకండి. పాపం, అలిసిపోయి వస్తాడు.”

ఇప్పుడు ఆయన బూట్లు గుమ్మం దగ్గరే విప్పుతున్నాడు. ఇంట్లో తిట్టేవాళ్లెవరూ లేరు. థనాసిస్ బొక్కని ఇంకా పూడ్చలేదు, ఇద్దరూ అందులోంచి కాయలూ తిట్లూ ఇచ్చి పుచ్చుకుంటారు. కానీ టీ వేళకి తాత దాంట్లో గుడ్డ కుక్కేస్తాడు. ఆ మాటలు ఎవరూ వినకూడదు. నేను కూడా. నేను మాత్రం రెండో మలుపు దగ్గర డబ్బా పక్కన చప్పుడు చెయ్యకుండా నిలబడి వింటాను. ఆ డబ్బాకి చేతనైంది నాకూ చేతనవుతుంది.

ఇదంతా రాసి, నిన్న ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చుని మొదట్నుంచీ చదివి వినిపించాను. భూమ్మీద ఎవరికీ తెలియదన్న మాట దగ్గర తలూపుతాడనుకున్నాను. ఊపలేదు. గీత వైపు చూస్తూ విన్నాడు. చదవడం అయ్యాక అడిగాను, ఎలా ఉంది తాతా అని.

“నాకు వైఫై గురించి ఏమీ తెలియదని రాయి. తెలిస్తే ఆమె ఇక్కడ ఉండగానే పెట్టించి, ఈ గదిలో రోజూ ఇలా కూర్చుని ఆమెతో ఏదో ఒకటి మాట్లాడేవాణ్ని. ఇక లే, అది నా కుర్చీ. ఆమె పిలిచే వేళయింది.”